ఎల్బీనగర్ రోడ్డు మీద నా ఒక్క పాయింటు

నిన్న ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన బంద్‌ల నేను కబడ్డీ ఆడి ఒక్క పాయింట్ తెచ్చిన. గా పాయింట్‌తోని నా నౌకరి పోవాల్సుండె, మా ఓనర్ అంకుల్ పుణ్యాన మిగిలింది. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మొన్ననే నాకు సర్కారు నౌకరి ఆర్డర్ ఒచ్చింది గదా, పోలీస్ వెరిఫికేషన్ ఇంకా కాలే. నిన్న పొద్దుగాల అమ్మ గడప కాడ నిలబడి మరీ చెప్పింది. "బిడ్డా, వంటావార్పుకు పో, నాలుగు ముద్దలు తిను, రా. కేసుల ఇరికినవంటే నౌకరి గోవిందా."

"నేనేం చేస్తనే అమ్మా, కూరగాయలు కోసొస్త" అన్న.

ఎల్బీనగర్ కాడ విజయవాడ రోడ్డు మీద ఒక్క బండి లేదు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి, పప్పు ఉడుకుతాంది. అన్నం అయ్యేదాంక ఖాళీగ ఎందుకని మీర్‌పేట్ పోరగాళ్లు కబడ్డీ అన్నరు. సుద్దతోని గీత గీసిండ్రు. మన మన్సూరాబాద్ టీమ్‌ల ఎవరుండాల్నో చెప్పే పని నాకు పడ్డది. చాయ్ హోటల్ల రోజూ నా ముచ్చట గదే గదా, మల్లేశ్ గొప్పనా, శ్రీను గొప్పనా అని. ఆటో తోలే మల్లేశ్ మీద నలుగురు పడ్డా గీత దాంక గుంజుకొస్తడు. శ్రీను దొరకనే దొరకడు, అంటుకొని మాయమైతడు. పాయింట్ తెచ్చే రైడరే ఆటగాడు, పట్టేటోళ్లదేముంది, ఎవడైనా పడ్తడు అని మన సిద్ధాంతం.

గప్పుడే ఓనర్ అంకుల్ ఒచ్చిండు. ప్రసాదరావు గారు, గుంటూరు దిక్కు మనిషి. కింద ఆయన, పైన మేం కిరాయికి. లుంగీ కట్టుకొని, చేతిల గిన్నె నిండ గోంగూర పచ్చడి.

"మా ఊళ్లో చెడుగుడు ఆడేవాణ్ణయ్యా రవీ. నడుం పట్టు పట్టానంటే వదిలేది లేదు. నన్నూ చేర్చుకోరాదూ" అన్నడు.

"పట్టేటోళ్లు వద్దంకుల్, రైడర్లు కావాలె" అన్న.

"సరేలే నాయనా" అని పోయి పొయ్యి కాడ కూసున్నడు.

ఇగ మన టీమ్ అంత రైడర్లే. మీర్‌పేటోళ్లు ఒచ్చుడు, అంటుకునుడు, నవ్వుకుంట పోవుడు. ఆపేటోడు లేడు. మల్లేశ్ ఔట్, శ్రీను ఔట్. ఆఖరికి మిగిలింది నేను.

రైడర్ అన్నోడు మొకాలు చూడొద్దు, కాళ్లే చూడాలె అని నాకో లెక్క. తల ఒంచి కూత పెట్టిన. కబడ్డీ కబడ్డీ అని ఉరికితే కాళ్లన్నీ పక్కలకు చెదిరిపోతున్నయ్. నన్ను చూసే భయపడ్డరనుకున్న. ఎనక మావోళ్లు "రవీ, రవీ" అని మొత్తుకుంటుంటే జోష్ ఇస్తున్నరనుకొని ఇంకా ముందుకు పోయిన. చెప్పుల కాళ్లు, ఉత్త కాళ్లు, అన్నీ మాయం. రెండు కాళ్లు మాత్రం కదుల్తలెవ్వు. బూట్లేసుకొని కబడ్డీ ఎవడాడుతడ్ర అనుకుంటనే, బూటు ముట్టి "టచ్" అన్న.

తల లేపితే కానిస్టేబుల్ సార్. ఆయన ఎనక వ్యాన్, తలుపు తెరిచే ఉన్నది. మావోళ్లంత ఎప్పుడో సందులల్ల పడ్డరు.

నౌకరి ఆర్డర్ కండ్ల ముంగట తిరిగింది. ఆయన చెయ్యి నా కాలర్ మీదికి ఒస్తాంది. గంతల్నే ఎనకనుంచి ఎవరో నా నడుం పట్టిండ్రు. గదేం పట్టో, ఊపిరి సల్పలే. ఒక్క గుంజుడుకు సుద్దగీత ఇవతల పడ్డ. చూస్తే అంకుల్.

"మా అబ్బాయండీ" అన్నడు రొప్పుకుంట. "కూరగాయలు తరగమని పంపిస్తే ఆటలో పడ్డాడు. ఉద్యోగంలో చేరాల్సినవాడు, కేసులూ అవీ వద్దండీ."

మా అబ్బాయి అన్నడు. తనను టీమ్‌ల వద్దన్న నన్ను పట్టుకొని. నిజం చెప్తున్న, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

కానిస్టేబుల్ సార్ నన్ను చూసిండు, నేను ముట్టిన బూటు చూసుకున్నడు. నవ్వు ఆపుకుంట, "పట్టువడ్డవ్ గదర, ఔటే నువ్వు. ఇంటికి పో" అన్నడు.

నిన్నటి సంది అమ్మ అంకుల్‌కు దండం పెట్టుడే తక్కువ. నాకైతే ఆయన బాకీ ఈ జన్మల తీరది. ఇగ మల్లేశ్ గొప్పనా, శ్రీను గొప్పనా అంటరా? వ్యాన్ రాంగనే సందులల్లకు ఉరికిన కాడ ఇద్దరు సమానమే. వచ్చే బంద్‌కు టీమ్ల మొదటి పేరు అంకుల్‌ది. నేను కూరగాయలు కోస్త.