ఇరవయ్యొక్క రోజులకి బేరం

మా ఇంట్లో అడిగిన ధర ఇచ్చి వచ్చినవాణ్ణి తిట్టరు. ఒంట్లో బాగులేదేమోనని జాలిపడతారు. పూండి టేసను బాటలో కొబ్బరికాయలు, ఉప్పు, చింతపండు అమ్మే కొట్టు మాది. వైద్యం కూడా బేరమాడి కొనే సరుకే అనుకుని పదిహేనో ఏట నా కుడి భుజం పాడుచేసుకున్నాను.

ఏటా గంగమ్మ సంబరంనాడు ఉప్పుటేట్లో మీసాలు రాని కుర్రాళ్ళకి ఈత పందెం పెట్టేవారు. అవతలి ఒడ్డు ముందు తాకినవాడికి ఎర్ర తలపాగా చుట్టి డప్పులతో ఊరంతా తిప్పేవారు. ఆ తలపాగా ఎప్పుడూ జాలరిపేటదే. మా వీధి కుర్రాళ్ళం ఒడ్డున వాళ్ళ బట్టలకి కాపలా. మూడేళ్ళుగా గెలుస్తున్న జాలరిపేట జతగాడొకడు నన్ను చూసి, “నువ్వు తూకం రాయివి బావా, దిగితే నేరుగా అడుక్కే” అన్నాడు. ఈ ఏడు తలపాగా నాదేనని నలుగురిలో అనేశాను.

రోజుకోసారి ఏరు దాటితే ఏడాదికి వచ్చే ఈత, పన్నెండుసార్లు దాటితే నెలకే వస్తుందని నా లెక్క. టోకున కొంటే చవక కదా! నెల తిరిగేసరికి చెయ్యి తలపైకి లేపితే భుజం పట్టేసేది. చొక్కా తొడగడానికి అమ్మ రావాలి. కొట్లో తక్కెడ ఎత్తితే ముల్లు వణికేది. “షావుకారి బాబూ, తూకం సిందులేత్తందేటి?” అని ఒకావిడ చింతపండు వదిలేసి పోయింది. ఆ పూటే మా అయ్య నన్ను ఎముకలకి కట్లు కట్టే తాత దగ్గరికి తోలాడు.

తాత అరుగు మీద అప్పటికే ముగ్గురు ఈతగాళ్ళు. ఒకడికి మెడ, ఇద్దరికి భుజాలు. ఆ ఇద్దరిలో ఒకడు నన్ను తూకం రాయివన్న నా జతగాడే! తాత వాడి చెయ్యి తిప్పి చూశాడు.

“ఇరగనేదురా. వాడి వాడి అరగ్గొట్టీసినావు. ఇరవయ్యొక్క రోజులు నీట్లో దిగకు.”

సంబరం ఇంకా పది రోజులే ఉంది. అయినా వాడు “అలాగే తాతా” అని పక్కకి జరిగాడు. చెప్పిన ధరకే ఒప్పుకున్నందుకు వాడి మీద నాకు జాలేసింది.

నాకూ ఇరవయ్యొక్కే చెప్పాడు.

“అయిదు” అన్నాను.

“ఏటి అయిదు?”

“రోజులు తాతా. ఒకేసారి నలుగురం వచ్చాం గదా, తగ్గించవా?”

“వంకాయలు కొంతన్నావేట్రా?”

“పోనీ, ఏడు.”

“పద్దెనిమిది” అని తాత నోరుజారాడు. బేరంలో ఒకసారి దిగినవాడు మళ్ళీ దిగుతాడు. లేచి, టెక్కలిలో ఇంకో వైద్యుడున్నాడంట అంటూ అరుగు దిగబోయాను. తాత విసిగిపోయి, “నీ బుజం, నీ ఇట్టం. తొమ్మిది. ఫో!” అన్నాడు. కొసరుగా కాస్త తైలం కూడా పోయించుకున్నాను. ఇరవయ్యొకటి తొమ్మిదికి తెచ్చానని మా అయ్య వీధి వీధంతా చెప్పుకున్నాడు.

సంబరంనాడు సగం ఏరుదాకా నేనే ముందు. ఒడ్డున మా అయ్య కండువా ఊపుతున్నాడు. ఆపైన వేసిన బారకి భుజంలో గుడ్డ చిరిగినట్టయింది. కుడిచెయ్యి మరి పైకి రాలేదు. ఎడమచేత్తో ఈదితే ఉన్నచోటే గానుగెద్దులా గుండ్రంగా తిరిగాను. మూడు చుట్లయ్యాక మునిగాను.

జుట్టు పట్టి నన్ను పడవలోకి లాగింది నా జతగాడు. ఈత మానమన్నారు కనక వాణ్ణి కాపలా పడవలో కూర్చోబెట్టారట. ఎడమచేత్తోనే లాగాడు.

“ఎంతకి తెగింది బావా బేరం?” అన్నాడు. నేను ఉప్పునీళ్ళు కక్కుతున్నాను.

మర్నాడు తాత దగ్గరికి అయ్య కూడా వచ్చాడు. తాత భుజం తడిమి, “ఈసారి నువ్వే సెప్పు, ఎన్నాళ్ళు?” అన్నాడు. నేను అయ్య వెనక్కి జరిగాను.

“రెండు నెల్లు” అన్నాడు తాత.

“ఈ చెయ్యి మళ్ళీ తక్కెడ ఎత్తుతాదా పెద్దయ్యా?” అని మా అయ్య అడిగాడు.

“కదపకుండా కూకుంటే ఎత్తుతాది.”

అయ్య బేరానికి దిగాడు. “అయితే మూడు నెల్లు సేసుకో.”

“రెండు సాలు బాబూ.”

“కాదు, మూడు.”

పొద్దెక్కేదాకా ఇద్దరూ అలా తలకిందుల బేరం ఆడి రెండున్నరకి తెంపారు. ఆ రెండున్నర నెలలూ కూర్చున్నాను. ఒక్క పూట తగ్గించమనలేదు.