ఒక సైజు పెద్ద పొయ్యి

మా బావ లేత్ మిషన్ మీద మంచం కోళ్ళు, బల్ల కాళ్ళు తీసే మేస్త్రి. ఆయన చేతిలో సన్నగా తేలిన కాలు ఒక్కటంటే ఒక్కటి నేను చూడలేదు. నలుగురు కూర్చుని భోంచేసే బల్ల చేయమంటే, పదిమంది ఎక్కి నిలబడినా కిర్రుమనని బల్ల చేసిస్తాడు. ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. లావుకాళ్ళ మేస్త్రి అంటేనే ఇల్లు చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట విని ఎవరో భారీ మనిషి అనుకుని వస్తారు. తీరా చూస్తే ఈయన గట్టిగా గాలి వీస్తే తలుపు పట్టుకుని నిలబడే రకం.

కొలతలూ అంతే. కలప అడితికి వెళ్ళి కావలసినదానికి ఎప్పుడూ ఓ బెత్తెడు కలిపి చెబుతాడు. చిత్రిక పట్టేటప్పుడు పోతుంది కదా అంటాడు. కలప విషయంలో అది న్యాయమే, కాదనను. కానీ ఈ మహానుభావుడు చొక్కా గుడ్డకీ కలుపుతాడు, దుప్పటికీ కలుపుతాడు. నేను కర్టెన్లు కుట్టే చోట పనిచేస్తాను. నాకు కొలత అంటే కొలతే. ఈ విషయంలో ఆయనకీ నాకూ మొదటినుంచీ పడదు. "పెద్దదైతే ఎలాగోలా సర్దుకోవచ్చు మరదలా, చిన్నదైతే ఏం చేస్తాం?" అని ఆయన వాదన. పెళ్ళయిన కొత్తలో మా అక్కకి చెప్పులు కొన్నాడు, ఒక సైజు పెద్దవి. అక్క వాటి ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకుని టపటపలాడిస్తూ నడిచేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. "ఇష్టంగా కొనిచ్చారు, నువ్వు నోర్మూసుకో" అనేది అక్క. నా నోరు ఎప్పుడు మూతపడింది గనుక.

వాళ్ళ ఇల్లు వీధివైపు పనిగది, దాని వెనక ఒకే ఒక్క గది. ఆ గదిలోనే వంట, అందులోనే పడక. మా వైపు చలికాలం ఓ పట్టాన పోదు. ఇన్నేళ్ళూ వాళ్ళు చలి కాచుకున్నది పొట్టు పొయ్యి దగ్గర. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టంగా కూరి, సీసా లాగేస్తే నడుమ గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కిందనుంచి పుల్ల వెలిగిస్తే పూటంతా రాజుకుంటూనే ఉంటుంది. పొట్టు ఊరికే వచ్చేది కాబట్టి బావకి అదో గర్వం. పొగ కూడా ఊరికే వచ్చేది. ఆ పొగంతా అక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది.

దగ్గు అంటే మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. అందరికీ ఉండేదే కదా అనుకున్నాం. తర్వాత అక్క నీళ్ళ బిందె ఎత్తలేకపోయింది. ఆ తర్వాత మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టడం నేర్చుకుంది. డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, బావని బయటికి పిలిచాడు. నన్ను పిలవలేదు గానీ నేనూ వెళ్ళాను. "ఈ చలికాలం కూడా పొగలో గడిపిందంటే వచ్చే చలికాలం గురించి మనం మాట్లాడుకోనక్కర్లేదు. పొగ ఉండకూడదు, పనిగది దుమ్ము తగలకూడదు, చలీ తగలకూడదు" అన్నాడు. బావ తలూపాడు. అంత నెమ్మదిగా ఆయన తలూపడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజే పనిగదికీ వెనక గదికీ మధ్య తలుపు మూసి, సందుల్లో గుడ్డ కూరి, మేకులు కొట్టేశాడు. లోపలికి రావాలంటే ఇల్లు చుట్టి పెరటివైపునుంచి రావాలి. ఇక మిగిలింది పొయ్యి. కరెంటు హీటర్ పెడదామంటే, అది వెలిగితే కరెంటు చాలక లేత్ ఆగిపోతుంది. లేత్ ఆగితే ఇల్లు ఆగుతుంది. పొగని కూడా తిరిగి కాల్చేసే కట్టెల పొయ్యిలు వచ్చాయని డాక్టర్ దగ్గరి నర్సు చెప్పింది. బావ ఆ మాట పట్టుకున్నాడు. ఇక ఆయన కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగాడంటే నమ్మండి. తనకోసం దువ్వెన కొనడానికి నెల రోజులు ఆలోచించే మనిషి, ఊళ్ళో పొయ్యి అమ్మే గుమ్మం ఒక్కటి వదల్లేదు.

బేరం ఆడటానికి నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, నాకు రెండు పెట్టి పంపాడు దేవుడు. ఒక కొట్టువాడు పక్కన ఫ్యాను బిగించిన రేకు డబ్బా చూపించి పొగన్నదే రాదని ఒట్టు పెట్టుకున్నాడు. బావ వేలితో లోపల గీసి, వాసన చూసి, మసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఫ్యాను తిరిగితే పొగ ఉండదన్నావు, కరెంటు పోతే?" అని నేనడిగితే వాడికి హఠాత్తుగా వేరే బేరం గుర్తొచ్చింది. ఇంకోచోట పాత పొయ్యికి కొత్త రంగు వేసి పెట్టారు. బావ ఎక్కడికి వెళ్ళినా ఒకటే అడిగేవాడు: ఒకసారి వెలిగించి చూపించండి. వెలిగించగానే లోపల నిలబడేవాడు కాదు. వీధిలోకి వెళ్ళి, మెడ వెనక్కి వాల్చి, పొగగొట్టం చివర చూసేవాడు. దారినపోయేవాళ్ళు కూడా ఆగి పైకి చూసేవాళ్ళు.

చివరికి ఒక పెద్ద కొట్టు దొరికింది. కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెడలో వేసుకున్న ఒకావిడ నడుపుతోంది. అడగగానే చిన్న పొయ్యి ఒకటి వెలిగించింది. ఇనుపది, ముందు గాజు తలుపు. కాసేపు తెల్లటి పొగ వచ్చింది. తర్వాత లోపల పైభాగంలో సన్నటి రంధ్రాల దగ్గర మంట నాలుకలు కనిపించాయి. బావ బయటికి పరుగెత్తాడు. ఎంతకీ రాకపోయేసరికి నేనూ వెళ్ళాను. గొట్టం చివర గాలి వేడికి అలలాడుతోంది, అంతే.

"పొగ ఏదీ?" అన్నాడు. నాతో కాదు, ఆకాశంతో. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆ నిమిషం మా ఇద్దరికీ అక్క బతికేసిందనే అనిపించింది.

ఆవిడ ఓపికగా చెప్పింది. "పొగ మంటలోనే కాలిపోతుందండీ. కానీ దానికి పొయ్యి బాగా వేడెక్కాలి. ఈ మీట గాలి కోసం. దీన్ని మూసేసి మంటని నొక్కిపెడితే మామూలు పొయ్యికంటే ఎక్కువ పొగ ఇస్తుంది. కట్టె బాగా ఎండినదై ఉండాలి. అన్నిటికంటే ముందు, పొయ్యి గదికి సరిపోవాలి. గది ఎంతుంటుంది?"

బావ చెప్పాడు. నేను ఉలిక్కిపడి ఆయన వైపు చూశాను. అది వెనక గది కొలత కాదు, పనిగది కూడా కలిపినా అంత రాదు.

"బావా, మన గది అంతెక్కడుంది?" అన్నాను మెల్లగా.

"నీకు తెలీదు, ఊరుకో. కొలత కొంచెం కలిపే చెప్పాలి. అడిగినదానికంటే ఓ పిసరు తగ్గించే ఇస్తారు ఎవరైనా."

"ఇది దుంగ కాదు, చిత్రిక పట్టడానికి."

ఆయన చెవిన వేసుకోలేదు. ఆవిడ ఆ కొలతకి తగ్గట్టు మధ్యరకం చూపించింది. బావ దాని చుట్టూ తిరిగి, పక్కనే ఉన్న ఇంకా పెద్దదాని మీద చెయ్యి వేశాడు. నల్లగా, ఎత్తుగా, పెళ్ళికొడుకులా ఉంది. "ఇది పెద్ద హాళ్ళకండీ" అని ఆవిడ అంటూనే ఉంది. "మా ఇంటావిడకి చలి తగలకూడదన్నారు" అన్నాడు బావ. "ఇదే ఇవ్వండి." జీవితంలో మొదటిసారి ఆ మనిషి బేరం ఆడకుండా, నన్ను అడగకుండా, ఒక వస్తువు తనంతట తాను ఎంచుకున్నాడు. ఆ మొహం చూశాక ఇంకేం మాట్లాడతాం.

ఎండిన కట్టె ఆయన దగ్గర ఒకటే ఉంది. అక్కకి చేతులున్న కుర్చీ చేస్తానని పెళ్ళినాటినుంచి అటకమీద దాచిన కలప. తీరిక దొరకని కుర్చీ అది. దాన్ని కిందికి దించి, గొడ్డలి పెట్టి చీల్చాడు. పాత పొట్టు పొయ్యిని సమ్మెటతో చితక్కొట్టి పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు.

కొత్త పొయ్యి వెలిగించిన సాయంత్రం అక్క గాజులోంచి మంట చూస్తూ చిన్నపిల్లలా కూర్చుంది. "ఎంత బాగుందే, కళ్ళు మండట్లేదు" అంది నాతో. ఆ మాట కోసమే ఆయన తిరిగిందంతా. కాసేపటికి అక్క శాలువా తీసేసింది. ఇంకాసేపటికి స్వెటర్. తర్వాత నుదుటినుంచి చెమట కారింది, ఊపిరి ఎగబోసుకుంటూ మంచం పట్టె పట్టుకుంది. ఆ చిన్న గదిలో ఆ పెద్ద పొయ్యి నిండుగా మండుతుంటే ఆరోగ్యంగా ఉన్న నాకే ప్రాణం ఉసూరుమంది. అక్కకి ఆ వేడిలో గాలి అందడం లేదు. కిటికీ తీశాం. వీధిలో ప్రతి ఇంటి పొట్టు పొగా లోపలికి వచ్చి అక్కని పట్టుకుంది. కిటికీ మూశాం. మధ్య తలుపు తీద్దామంటే అవతల దుమ్ము. బావ వెళ్ళి మీట సగానికి దించాడు, తర్వాత పూర్తిగా దించాడు. మంట కుంగి ఎర్రగా మూలిగింది. తెల్లారేసరికి గాజు నల్లబడిపోయింది.

అలా మొదలైంది. మీట తీస్తే ఉక్క, మూస్తే పొగ. నాలుగు పుల్లలే వేసి చిన్న మంట పెడితే, అంత ఇనుము వేడెక్కదు, పైన మంట అందుకోదు, తలుపు తెరిచినప్పుడల్లా పొగ మొహాన కొడుతుంది. బావ రోజూ పొద్దున్నే తడి కాగితం బూడిదలో అద్ది గాజు తుడిచేవాడు. సాయంత్రానికి మళ్ళీ నలుపు. ఆ గాజుని ఆయన తుడిచినంత శ్రద్ధగా ఎవరూ దేన్నీ తుడిచి ఉండరు.

ఇద్దరం కొట్టుకి పరుగెత్తాం. కొట్టావిడ మళ్ళీ అదే అడిగింది, గది ఎంతని. ఈసారి బావ సరైన కొలత చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

"ముందు వేరే చెప్పారు కదండీ."

"కలిపి చెప్పాను" అన్నాడు బావ.

"దేనికండీ కలపడం?"

ఒకసారి వెలిగించిన పొయ్యి వాళ్ళు వెనక్కి తీసుకోరు. చలికాలం నడుమ దాన్ని కొనేవాళ్ళు, అంత పెద్ద హాలున్నవాళ్ళు ఎవరూ దొరకలేదు. చిన్నది కొనే స్తోమత ఆ పెద్దదానిలోనే కరిగిపోయింది. దారిపొడుగునా నేను ఆయన్ని తిట్టాను. నోటికొచ్చిందల్లా అన్నాను. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఇంటి ముందుకి వచ్చాక, "మీ అక్కకి మంచిదే ఇద్దామనుకున్నాను మరదలా" అన్నాడు.

అక్కకి మేం చెప్పలేదు. ఆవిడకి చెప్పాలా ఏంటి, గదిలో ఉన్నది ఆవిడే. ఒకరోజు బావ గాజు తుడుస్తుంటే మంచం మీదనుంచి, మధ్యమధ్య ఆగుతూ, "ఏమండీ, ఇది కూడా ఒక సైజు పెద్దదేనా?" అంది. ఆయన ఇంకో కాగితం తీసి బూడిదలో అద్దాడు. "పోనీలెండి. చెప్పులైతే పీలికలు కుక్కుకునేదాన్ని" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. బావ బూడిద చేతులతోనే వీపు రాస్తూ కూర్చున్నాడు. రవిక మీద అచ్చులు పడ్డాయి.

చలికాలం పోలేదు. అక్క పోయింది.

తర్వాత బావ పనిగది తెరవలేదు. మంచం కోళ్ళు చేయమన్నవాళ్ళు వచ్చి వచ్చి వెళ్ళిపోతున్నారని విని, నాలుగు చీవాట్లు పెట్టి లేపుదామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. పెరటి తలుపు తీయగానే సెగ మొహాన కొట్టింది. పొయ్యి నిండుగా మండుతోంది. మీట బార్లా తెరిచి ఉంది. గాజు తళతళలాడుతోంది, పైన రంధ్రాల దగ్గర మంట నాలుకలు ఆ రోజు కొట్టులో చూసినట్టే ఆడుతున్నాయి. బావ దాని ఎదురుగా, చొక్కా ఒంటికి అతుక్కుపోయి, చెమట ధారగా కారుతూ కూర్చున్నాడు. పక్కన కుర్చీ కలపలో ఇంకా నాలుగు చీలికలు ఉన్నాయి.

"ఏంటిది బావా, ఉడికి చస్తావా?" అన్నాను.

"బయటికెళ్ళి చూసిరా" అన్నాడు. "పొగ వస్తోందేమో."

వెళ్ళాను. వీధిలో ప్రతి కప్పు మీదా పొగ నిలబడి ఉంది. మా అక్క ఇంటి గొట్టం దగ్గర మాత్రం గాలి అలలాడుతోంది, అంతే. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ అక్కడే పోయాయి.

లోపలికి వచ్చి, "లేదు బావా" అన్నాను.

"చూశావా" అన్నాడు. "మంచి పొయ్యే."

ఇంకో చీలిక తీసి లోపల వేశాడు. నేను స్వెటర్ విప్పి ఆయన పక్కన కూర్చున్నాను.