రెండు వైపులా అరిగిన బండ

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్లయిందట, మన ఊళ్ల చరిత్ర మనమే తెలుసుకోవాలట, అందుకని ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు ఒక ఆదివారం పొద్దున్నే నన్ను మేడ్చల్‌లో బస్సెక్కించి శామీర్‌పేట చెరువు కట్ట మీద జరిగే చరిత్ర నడకకు తీసుకుపోయింది. పంతులమ్మగా పనిచేసి రిటైరైన దాన్ని, పైగా పుట్టి పెరిగింది ఆ చెరువు పక్కనే కాబట్టి సంబరంగానే బయల్దేరాను. తిరిగొచ్చి ఇన్ని రోజులైనా ఇంకా నా కడుపు మండుతూనే ఉంది.

మమ్మల్ని నడిపించిన కుర్రాడు మంచివాడే. కట్ట ఎవరు వేయించారో, వేటకు ఏ దొరలు వచ్చేవారో, ఎక్కడ గుడారాలు వేసుకునేవారో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇక్కడ చాకిరేవు ఉండేది బాబూ, దాని సంగతీ చెప్పరాదా అని అడిగితే, అది మన రూట్‌లో లేదు ఆంటీ అని ముందుకు నడిచాడు.

మాది బట్టలుతికే ఇల్లు. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, పొద్దు పొడవకముందే గాడిదల మీద మూటలు రేవుకు చేరేవి, అక్కడ ఇంటికో బండ ఉండేది, అత్త బండ కోడలికి వచ్చేది. మా అవ్వ కుడిచేత్తో ఉతికి ఉతికి మా బండ ఒక పక్క పల్లం పడింది. అమ్మది ఎడమచేతి వాటం. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ఉతుకుడు చూసి రేవంతా నవ్విందట, అవ్వ మాత్రం "నవ్వనియ్యి బిడ్డా, బట్ట తెల్లగయిందా లేదా సూడుమను" అందట. ఏళ్లు గడిచేసరికి అమ్మ చేతికి రెండో పక్క కూడా అరిగింది. అట్లా రెండు వైపులా అరిగిన బండ ఆ రేవు మొత్తంలో మాదొక్కటే. మా కులదైవం మడేలయ్య పండుగనాడు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి మొక్కేవాళ్లం, చెప్పుకాలితో దాన్ని తాకిన మనిషిని నేనెరుగను.

జెండా పండుగ దగ్గరపడితే రేవులో ఊపిరాడేది కాదు, ఊళ్లోని పెద్దమనుషుల తెల్లబట్టలన్నీ అప్పుడే కావాలి. బడి జెండా కూడా మా ఇంటికే వచ్చేది. ఖద్దరు జెండా. దాన్ని మాత్రం అమ్మ బండకేసి కొట్టేది కాదు, బండ మీద పరిచి అరచేతులతో మెల్లగా రుద్ది, నేల తగలకుండా తానొక కొస నేనొక కొస పట్టుకుంటే గాలికి అట్లాగే ఆరేది. తెల్లారి ఆ జెండా ఎగిరే వేళకు నేను బడిలో వరుసలో నిలబడితే అమ్మ రేవులో బట్టలు ఉతుకుతుండేది. ఒక్క ఏడైనా ఎవరూ ఆమెను రమ్మని పిలవలేదు. అప్పుడు నాకది తప్పని తోచనే లేదు, ఇప్పుడు తోస్తోంది, తోచినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

తర్వాత రేవు ఒడ్డున టిప్పర్లు మట్టి పోశాయి, గోడ లేచింది. అమ్మ అప్పటికే చేతుల్లో సత్తువ లేక ఉతకడం మానేసింది, అయినా తమ్ముణ్ని వెంటబెట్టుకుని గోడ కట్టించేవాళ్ల దగ్గరికి పోయి, ఆ బండ ఒక్కటి ఇయ్యండి, ఇంటి ముందర వేసుకుంటానని బతిమాలింది. మట్టి కిందికి పోయింది, ఇగ దొరకదు పొమ్మన్నారట. మంచం పట్టిన తర్వాత కూడా "మట్టి తీస్తున్నరేమో సూసిరాపో బిడ్డా" అని నన్ను పంపేది. నేను గోడ దాకా పోయి చూసి, ఉత్తచేతులతో తిరిగొచ్చేదాన్ని.

ఆ ఆదివారం నడక అయిపోయాక అందరినీ టీకని ఆ గోడ లోపలి రిసార్టుకే తీసుకుపోయారు. గేటు దాటగానే పచ్చగడ్డి మధ్యలో మా బండ కనబడింది. ఒక పల్లంలో పూలకుండీ, రెండో పల్లంలో బూటుకాలు మోపి, చేతిలో చిన్న జెండా పట్టుకుని ఫొటో దిగుతున్న ఒక యువకుడు. దొరకదన్నారు కదా! మట్టి కిందికి పోయిందన్నారు కదా! ముసలిదానికి అంత అబద్ధం చెప్పి పంపి, దీన్ని సింగారానికి దాచుకున్నారా! కాలు దించు అని నేను అరిచినట్టు, ఇన్నేళ్ల పంతులమ్మ నౌకరీలో ఏ పిల్లవాడి మీదా అరిచి ఉండను.

మేనేజరు వచ్చాడు. "గా రాయికేందమ్మా, గంత పరేషాన్ అయితున్నరు? లుక్ కోసం పెట్టించినం" అన్నాడు. ఇది మా అమ్మది, మా ఇంటికి పంపించమన్నాను. "మీదేనని సబూతేంది?" అని రుజువు అడిగాడు. నేను వంగి, ఎడమచేయి ఎత్తి, అమ్మ ఉతికినట్టే దించి ఆ పల్లంలో ఆనించి చూపించాను. "రాళ్లన్నంక అరుగుతయ్ గదమ్మా" అని ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

నేనే కుండీ దించాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు బండ మీద పోస్తే, మనవరాలు చెప్పులు విడిచి వచ్చి తన చున్నీతో బూటు మట్టి తుడిచింది. ఆ పిల్ల అంత పని చేయబట్టే ఆ రోజు నేను ఏడవకుండా బస్సెక్కాను. గేటు దాటేముందు వెనక్కి చూస్తే కుండీ మళ్లీ బండ మీదికి ఎక్కింది.

మా కాలంలో ఆ బండను ఎవరూ చరిత్ర అనలేదు, కానీ దాని దగ్గర చెప్పులు విడిచేవారు. ఇప్పుడు చరిత్ర అంటున్నారు, చెప్పులతోనే ఎక్కుతున్నారు. అమ్మను జెండా దగ్గరికి పిలవని ఊరు, అమ్మ బండను మాత్రం అడగకుండానే తీసుకుపోయి గేటు లోపల పెట్టుకుంది. అమ్మ ఉండి ఉంటే బండ దొరికిందని పరుగున పోయి చెప్పేదాన్ని. యాడున్నది బిడ్డా అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇప్పటికీ నాకు తోచడం లేదు.