ముద్ర పడేదాకా

అరకు పైన ఒక కొండ ఊరి బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లిన మొదటి వారం. ప్రార్థన ముగుస్తుండగా వానలో తడుస్తూ ఒకావిడ వచ్చింది. ఆమె కూతురు మా బడిలో అయిదో తరగతి పూర్తిచేసింది. నాకు ముందున్నవారు ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్ ప్లాస్టిక్ సంచీలోంచి తీసి చూపించింది.

"ముద్ర అలికేసినట్టుందంట మేడమ్. ఏ బడో తెల్డం నేదంట. సాయంత్రంలోపు కొత్తది తేకపోతే గురుకులంలో సీటు ఇంకోలకి ఇచ్చేత్తారంట."

బీరువాలోంచి స్టాంపు తీశాను. 'ప్రధానోపాధ్యాయులు' అన్న మాటలో వత్తులన్నీ సిరా, నూలుపోగులు పట్టి ముద్దకట్టాయి. ప్యాడ్ మీద తెల్లగా బూజు. సీసాలో సిరా లేదు.

"రెండు సుక్కలు నీలేసి రుద్దండి మేడమ్. ఎప్పుడూ అలాగే సేత్తాం," అంది ఆయా.

"వద్దమ్మా. నీళ్లు పోస్తే ముద్ర పలచబడుతుంది, బూజూ పడుతుంది."

గుమ్మంలో నిలబడ్డ తల్లి మెల్లగా అంది. "నాను కాఫీ తోటల్లో పనికెల్లి బతికాను. నా గుంట సదవాల. ముద్ర పడేదాకా నానెల్లను."

"అరకు వెళ్లి సిరా కొందాం పద," అన్నాను.

కొత్త సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టి, స్టాంపుతో పాటు సంచీలో వేసుకున్నాను. తరగతులు తోటి టీచరుకు అప్పగించాను. దారికడ్డంగా పారే గెడ్డ పొంగడంతో ఆటో పైకి రాలేదు. చేతులు పట్టుకుని గెడ్డ దాటి, రోడ్డు దాకా నడిచి జీపెక్కాం.

అరకులో మొదటి దుకాణంవాడు పెన్నులో పోసే సిరా చూపించాడు. అది కాగితం మీద పాకిపోతుంది, వద్దన్నాను. మూడో దుకాణంలో స్టాంపు సిరా, కొత్త ప్యాడ్ దొరికాయి. పక్క టిఫిన్ హోటల్లో గోరువెచ్చని నీళ్లడిగి, సబ్బు కలిపి, కొత్త పళ్ల బ్రష్‌తో రబ్బరు కడిగాను. ఇంకా సందుల్లో పోగులున్నాయి. ఆమె గాజులకున్న పిన్నీసు తీసి, రబ్బరు గీసుకోకుండా ఒక్కొక్కటే లాగింది.

"ఇది ఏ అచ్చరం మేడమ్?"

"ధా. స్టాంపు మీద తిరగేసి ఉంటుంది."

తల వంచి కాసేపు చూసి మళ్లీ పనిలో పడింది.

ప్యాడ్ మీద సిరా చుక్కలుగా వేసి, బట్ట పీల్చేదాకా ఆగాం. పాత పేపరు మీద వేసిన మొదటి ముద్ర చిమ్మింది. రెండోదానికి ఒక పక్క పడలేదు. బల్ల మరీ గట్టి. కింద పేపరు మడతలు పరిచి వేస్తే మూడోసారి ఊరి పేరు, వత్తులు అన్నీ తేటగా పడ్డాయి. అప్పుడే సర్టిఫికెట్ మీద వేశాను.

"చెయ్యి తగలనివ్వకు. ఆరనీ."

గురుకులం ఆఫీసులో గుమస్తా మా ఊరి పేరు పైకి చదివి, కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. పిల్లను సోమవారం తీసుకురమ్మన్నాడు. బయటికొచ్చాక తల్లి ముఖం తుడుచుకుంది.

"బేగి ఎల్తాను మేడమ్. గుంటకి రేకు పెట్టి కొనాల."

ఆ వారం నుంచీ ప్రతి శనివారం బడి వదిలాక స్టాంపు కడిగి, నీడన ఆరబెడుతున్నాను. ప్యాడ్ మూత బిగిస్తాను. నాకు బదిలీ అయితే, వచ్చేవారికి ఇదంతా చేసి చూపించాకే బీరువా తాళాలిస్తాను.