పొట్టేలు పరువు

మా బావకు, అంటే మా ఆయన అన్నకు, వేంపల్లెలో పదమూడు గొర్రెలు, ఒక పొట్టేలు ఉండేవి. గొర్రెల మొహం ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. పొట్టేలుకు మాత్రం మెడలో గజ్జెలు, పూటకు దోసెడు ఉలవలు. పోయిన ఎండాకాలం దానికి ప్రత్యేకంగా రేకుల షెడ్డు వేయించాడు. మే నెలలో వేంపల్లెలో రేకుల కింద బుద్ధి ఉన్న ప్రాణి ఏదీ ఉండదు. పొట్టేలుకు వారం రోజులు జ్వరం కాసి తగ్గింది.

ఆ తర్వాత అది అన్ని గొర్రెలనూ దాటింది. ఒక్కటీ చూలు కట్టలేదు. మూడు వారాలు తిరక్కముందే మళ్లీ ఎదకు వచ్చేవి. గొర్రెలన్నీ గొడ్డువని బావ తీర్పు. రెండింటిని కోతకు అమ్మేశాడు. మిగిలిన పదకొండును తోలుకుపోవడానికి కమలాపురం నుంచి కసాయాయన వచ్చిన పొద్దున నేను అక్కడే ఉన్నాను.

కర్నూలులో బీయస్సీ జువాలజీ చదివినదాన్ని. వృషణాలు ఒంటికి బయట వేలాడేది అందానికి కాదు. ఒంటి వేడి కన్నా చల్లగా ఉంటే తప్ప వాటిలో వీర్యకణాలు సరిగ్గా తయారు కావు. మూలకణం విడిపోయి, క్రోమోజోములు సగమై, తలా తోకా వచ్చి, ఈదే శక్తి పుంజుకుని బయటపడేసరికి పొట్టేలులో దాదాపు రెండు నెలలు పడుతుంది. మేలో ఉడికిన దాని ఫలితం జూలై దాకా ఉంటుంది. ఇదంతా బావకు చెప్పాను.

"కప్పలు కోసిన సదువుతో నాకు సెప్తాండావామ్మా? సూడు, యాడన్నా తగ్గుతాండాదా అది?"

"ఎక్కేదానికేం బావా, శానా బాగా ఎక్కుతాండాది. లోపల సరుకే లేదు. రెండు నెల్లు యాపసెట్టు కింద కట్టెయ్."

"నా పొట్టేల్ని అంత మాట అంటావా?"

ఆయన వాలకం చూస్తే అన్నది ఆయన్నే అన్నట్టుంది. ఈయనకు శాస్త్రం చెప్పి లాభం లేదని కసాయాయన వైపు తిరిగాను.

"తోలుకపోప్పా. కోసినాక గర్భసంచుల్లో ఏ లోపమూ లేదని నీకే తెలుస్తాది. అప్పుడు మీ ఊర్లో సెప్పు, వేంపల్లె పొట్టేలు ఉత్తదని."

"సెప్పకుండా యాడుంటానమ్మా," అని ఆయన మీసాల్లో నవ్వాడు.

బావ కసాయాయనను ఉత్త చేతులతో తిప్పి పంపాడు. గొర్రెల మీద జాలితో కాదు.

పొట్టేలు వేపచెట్టు కిందికి మారింది. చలికాలం మొదలయ్యేసరికి పదకొండింటిలో తొమ్మిది చూలుతో ఉన్నాయి. ఇప్పుడు బావ వచ్చినవాళ్లందరికీ పొట్టేలును చూపించి మీసం దువ్వుకుంటాడు. ముందే కోతకు పోయిన ఆ రెండింటి మాట ఎత్తడు. నేను ఎత్తుతాను, సరిగ్గా ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు.