పరాయి చేతి జడలు

ఈస్టర్‌కి ముందురోజు షాండ్రా చేసిన పని చిన్నదే అంటారు చాలామంది. స్నేహితురాలు వెర్నీటా కూతురు కెజాయాకి, తల్లిని అడక్కుండా జడలల్లింది. అమెరికాలో, మెంఫిస్‌లోని మా నల్లవాళ్ల వీధుల్లో తల్లిని అడక్కుండా పిల్ల తలలో దువ్వెన పెట్టడమంటే, నీ బిడ్డని నువ్వు చూసుకోవడం లేదని నలుగురిలో అనడమే. పైగా జడలల్లడం వెర్నీటాకి బతుకుతెరువు.

వెర్నీటా జడలల్లే షాపులోనే ముందు కుర్చీ దగ్గర నేను మగవాళ్లకి క్షవరం చేసేవాణ్ణి. పండక్కి కొత్త జడలు లేకుండా మా పిల్లలెవరూ చర్చి మెట్లెక్కరు. ఆ శనివారం వెర్నీటా అల్లే వెనకగది కిక్కిరిసిపోయింది. కెజాయా తండ్రి ఎప్పుడో పత్తా లేకుండా పోయాడు. ఇల్లు నడిచేది వెర్నీటా వేళ్ల మీదే. పిల్ల ఎప్పట్లాగే షాండ్రా ఇంట్లో ఉంది. షాండ్రాకి పిల్లల్లేరు.

మర్నాడు చర్చి గుమ్మంలో యూలా పెద్దమ్మ కెజాయా గడ్డం పట్టుకుంది.

"ఎంత బాగున్నాయే తల్లీ. మీ అమ్మ చెయ్యే చెయ్యి."

"అమ్మకి తీరలేదు. షాండ్రా పిన్ని అల్లింది."

"పోన్లే. ఊరందరికీ అల్లేదానికి సొంత పిల్ల తల కనపడొద్దూ?"

ఆవిడ కొడుకు పండక్కి కూడా ఆవిడ గడప తొక్కడు. అది ఎవరూ చర్చి గుమ్మంలో అనరు.

పక్కనే ఉన్న వెర్నీటా నవ్వింది. ఇంటికెళ్లగానే వసారాలో పిల్లని మోకాళ్ల మధ్య కూచోబెట్టుకుని, పూసలు ఊడదీసి, జడలన్నీ విప్పేసింది. కెజాయా ఏడుపు విని పక్కవాటాలోంచి నేనూ బయటికొచ్చాను. అప్పుడే షాండ్రా మిఠాయి బుట్టతో మెట్లెక్కుతోంది.

"ఏంటే ఇది? కదలకుండా ఎంతసేపు కూచుందో తెలుసా?"

"దానికి కూచోడం నేర్పింది నేను."

"తలంటుకుని నీకోసం చూసీచూసీ నీరసపడిపోయిందే. ఏం చెయ్యమంటావ్?"

"ఫోన్ చెయ్యాలి."

"చేస్తే వద్దనేదానివి."

"తెలిసే చేశావన్నమాట. అంత ముచ్చటగా ఉంటే నువ్వొకదాన్ని కనవే."

షాండ్రా బుట్ట గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పట్నుంచి కెజాయా బడి విడవగానే షాపుకొచ్చి, మూల కుర్చీలో కాళ్లూపుకుంటూ కూచునేది. వెర్నీటా కొత్త కొత్త జడలు వేసేది, షాండ్రా వల్ల కానివే ఏరి ఏరి. పిల్ల అద్దంలో చూసుకునేది కాదు. ఒకసారి మెల్లగా అంది:

"అమ్మా, పిన్ని కబుర్లు చెప్తూ అల్లుతుంది. నువ్వు లాగుతావ్."

వెర్నీటా చెయ్యి ఆగింది. అద్దంలో ఆమె మొహం చూశాను. మొగుణ్ణి ఎత్తుకుపోయిన ఆడదాన్ని కూడా ఎవరూ ఆమె షాండ్రాని తలుచుకున్నంత కసిగా తలుచుకోరు. తర్వాత ఆ పాయ వదులు చేసి, మళ్లీ మొదట్నుంచి అల్లింది.

బడిలో ఫొటోలు తీస్తారనగా ముందురోజు, తన దువ్వెన, పూసల డబ్బా పిల్ల చేతికిచ్చి షాండ్రా ఇంటికి తనే పంపింది. మా దగ్గర దువ్వెన పంపడమంటే అనుమతి ఇచ్చినట్టే.

ఆ వారమే నేను షాపు మానేశాను, ఎప్పట్లాగే యజమానితో పడక. పోతూపోతూ బస్‌స్టాప్‌లో వెర్నీటాని కలిశాను.

"కలిసిపోయారా అక్కా?"

"కలవడమేంట్రా? ఎడమవైపు పాపిడి వంకరగా తీసింది. చూశాను. ముట్టుకోలేదు."