నేల మీది బకెట్ పిడి

ఆమెకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుడిచేత్తో అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమచేతి చూపుడువేలు బల్ల మీద ఏదో ఒకటి గీస్తూనే ఉంటుంది. ఆ గీతలకు రంగు ఉండుంటే బల్ల ఈపాటికి నల్లబడిపోయేదని కోడలు అంటుంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పిల్లల బొమ్మల కథలు వేసే ఒక వారపత్రికలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది.

నియామక పత్రంలో ఆమె ఉద్యోగం పేరు దిద్దుబాటు సహాయకురాలు. ప్రధాన చిత్రకారుడు గీసిన పేజీలో సిరా చిందితే దాని మీద తెల్లరంగు పూయాలి. కాగితం మీద పని అంతే. వాస్తవంలో ఆ చిత్రకారుడు గడువుకు ముందురోజు నాలుగు గళ్లలో పెన్సిల్ గీతలు పంపేవాడు. మిగిలిన ఇరవై గళ్లూ ఆమె పూర్తి చేసేది. కొన్నేళ్లకు ఆ నాలుగూ రావడం మానేశాయి. సంతకం మాత్రం ఏ వారమూ ఆలస్యం కాలేదు. అది ఆయనది.

ఒకే ఒక్కసారి పేజీ అడుగున ఆమె తన పేరులోని మొదటి రెండక్షరాలు రాసింది. ఆ అక్షరాల మీద తెల్లరంగు పూసే పని కూడా ఆమెకే అప్పగించారు. అది ఆమె విధుల్లోదే కనుక, నిబంధనల ప్రకారం అందులో ఎవరి తప్పూ లేదు.

ఆ మరుసటి వారం నుంచి ఆమె బకెట్ గీయడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆమె ఉన్న ఇంటికి కుళాయి కింద ఉండేది, గది మూడో అంతస్తులో ఉండేది. పనికి వచ్చేముందు ఆరు బకెట్లు పైకి చేర్చాలి. అందుకే కాబోలు, రాజుగారి ఊరేగింపులోనూ, చంద్రుడి మీద దిగిన మనుషుల పక్కనా, బొమ్మలో ఏదో ఒక మూల నేల మీద ఒక బకెట్ ఉండేది. సంపాదకుడు గమనించలేదు. పిల్లలు గమనించారు. ఆ బకెట్ ఎవరిదని ఉత్తరాలు రాశారు.

ఆ పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్లు. వారిలో ఒకతను సెలూన్ నడుపుతాడు. ఇంకొకామె బస్సు కండక్టరు. మరో ఇరవైమంది దాకా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు సెలూన్ తలుపు దగ్గరగా వేసుకుని, అద్దాల ముందు పాత సంచికలు పరచుకుని, చెవులు ఎవరు గీశారు, చెప్పుల పట్టీలు ఎవరు గీశారు అని గొంతులు బొంగురుపోయేలా వాదించుకుంటారు. బకెట్ ఉన్న పేజీలన్నీ ఒకే చేతివని తేల్చి, ఆ తెలియని మనిషికి బకెట్ మాస్టారు అని పేరు పెట్టారు. మాస్టారనగానే అందరూ మీసాలు ఊహించుకున్నారు.

ఒక వానపొద్దున బస్సు అద్దం మీది ఆవిరిలో ఒక ముసలామె వేలితో గుంపును గీయడం కండక్టరు చూసింది. గుంపు చివర బకెట్ వచ్చేసరికి ఆమెకు టికెట్టు ఇవ్వడం మరిచిపోయింది. అదెందుకు గీశారని అడిగితే, ఆ మూల ఖాళీగా ఉందమ్మా, అని జవాబు వచ్చింది. ఆ ఆదివారమే ముసలామెను సెలూన్‌కు తీసుకువెళ్లారు. సెలూన్ ఆయన లేచి దణ్ణం పెట్టాడు. తరువాత అన్నాడు:

"ముప్పై ఏళ్లుగా మా మాస్టారి మీసం ఎలా దిద్దాలా అని ఆలోచిస్తున్నానమ్మా. నా పని తగ్గించారు."

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. పాత బొమ్మల కథలన్నిటినీ ఒక పెద్ద సంపుటంగా, ప్రధాన చిత్రకారుడి పేరుతో తెస్తున్నట్టు పత్రిక ప్రకటించింది. కాపీహక్కుల కార్యాలయంలో రచనాకర్త నమోదుపై అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు ఉంది. ఆమె తరఫు న్యాయవాదిగా అభ్యంతర పత్రం నేను రాశాను. బొమ్మల మీద హక్కు సంస్థదే కావచ్చు. గీసిన చెయ్యి ఎవరిదన్నది వేరే ప్రశ్న. ఆమె అడిగింది ఆ రెండో ప్రశ్నకు జవాబు మాత్రమే: తాను గీసిన పేజీ కింద తన పేరు. బకెట్‌కు ముందు గీసినవి కూడా అడుగుదామంటే ఒప్పుకోలేదు. ఏవి తనవో ఖాయంగా గుర్తులేనప్పుడు అడగకూడదంది. అసలు ప్రతులను పత్రిక ఎప్పుడో తుక్కుకు వేసేసింది. మాకు మిగిలిన సాక్ష్యం అభిమానుల జాబితా ఒక్కటే. అందులో బకెట్ ఉన్న పేజీలు నూట నలభై.

విచారణకు ముందురోజు ఆమె జాబితాలోని పేజీలు తిరగేస్తూ, లేచి కిటికీ దాకా నడిచి, మళ్లీ వచ్చి తిరగేస్తూ ఉంది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగి పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టింది. సాయంత్రానికి అలాంటివి పంతొమ్మిది తేలాయి.

"ఇవి నావి కావు."

"బకెట్ ఉంది కదమ్మా," అన్నాడు సెలూన్ ఆయన.

"ఉంది. నాది కాదు."

జాబితాలో పంతొమ్మిది తప్పులని మనమే ఒప్పుకుంటే మిగతా వాటిని ఎవరు నమ్ముతారని అతను వాపోయాడు. నాదీ అదే భయం. అదే మాట మరింత పద్ధతిగా చెప్పాను. మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు, అని అతను బతిమాలాడు.

"ముప్పై ఏళ్లు మెదపలేదు నాయనా. ఏమైందో నువ్వే చూస్తున్నావుగా."

కోడలు వంటగది గడప దగ్గరి నుంచి అందుకుంది. "ఆయన మీవి అన్ని తీసుకున్నాడు. మీరు ఆయనవి పంతొమ్మిది తీసుకుంటే కొంపలేం మునుగుతాయత్తయ్యా?"

"అప్పుడు నేనూ వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నట్టేనే."

ఆవిడ గారికి ఏ కుర్చీలోనూ కూర్చోవడం రాదుగా, అని కోడలు గొణిగింది. ఎవరూ నవ్వలేదు. జాబితా నూట ఇరవై ఒకటికి దిగింది.

విచారణ గది ఇరుకైనది. పత్రిక తరఫు న్యాయవాది మొదటి నిమిషంలోనే ఒక పాత చిత్తుప్రతి బయటపెట్టాడు. ప్రధాన చిత్రకారుడి స్వహస్తంతో, తేదీతో, సంతకంతో ఉన్న పెన్సిల్ బొమ్మ. మూలన బకెట్. బకెట్ ఆయన ఆలోచనేననీ, అభిమానుల జాబితా పిల్లచేష్టనీ అన్నాడు. ఈ పేజీ మీ జాబితాలో ఉందా లేదా, అని మమ్మల్ని నిలదీశాడు.

ఉండేదనీ, నిన్న కొట్టేశామనీ చెప్పాను. కొట్టివేతలున్న జాబితాను విచారణ అధికారి ముందు పెట్టాను. ఎందుకు కొట్టేశారని ఆయన ఆమెనే అడిగాడు. ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది.

"పిడి చూడండి సార్. బకెట్ నేల మీద పెడితే పిడి నిలబడి ఉండదు, పక్కకు పడిపోతుంది. పిల్లల ఉత్తరాలు చూశాక కొన్నాళ్లు ఆయనే పేజీలు వేసి, ఆయన కూడా బకెట్ గీశారు. ఆయన గీసిన వాటిల్లో పిడి నిక్కబొడుచుకుని ఉంటుంది. పాపం, ఆయన ఎప్పుడూ మోయలేదు."

అధికారి పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. నూట నలభై పేజీలు తిప్పడానికి పట్టినంత సేపూ ఆమె గోడకూ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉంది. కూర్చోమని ఆయన రెండుసార్లు చెప్పి మానేశాడు. కొట్టేసిన పంతొమ్మిదింటిలోనూ పిడి నిలబడి ఉంది. మిగిలిన అన్నింటిలోనూ పడిపోయి ఉంది. తనవి కాని వాటిని తనంతట తానే వదులుకున్న మనిషి మాటను నమ్మకపోవడానికి కారణం కనబడడం లేదని పదకొండు రోజుల తరువాత వచ్చిన ఉత్తర్వులో రాశాడు. పత్రిక ప్రధాన చిత్రకారుడి పేరును నూట ఇరవై ఒక్క పేజీల నుంచి తొలగించి, ఆమె పేరు వేయాలి.

అచ్చుకు ముందు చూపించే ప్రతులు సెలూన్‌కే వచ్చాయి. ప్రతి పేజీ అడుగునా ఆమె పేరు, పూర్తిగా, పొడి అక్షరాల్లో కాకుండా. కండక్టరు కళ్లు తుడుచుకుంది. సెలూన్ ఆయన తిరిగే కుర్చీని తువ్వాలుతో దులిపి, ఈ ఒక్కసారికి కూర్చోండమ్మా, అన్నాడు. ఆమె కూర్చుంది. ఏడో పేజీ దగ్గర మళ్లీ లేచింది.

"పేరు కాస్త పక్కకు జరపమని రాయండి," అంది నాతో. "బకెట్ కనబడట్లేదు."